చిక్కు టైలర్స్

మావ పోయాడన్న కబురు నాకు రెండు పీరియడ్ల మధ్య అందింది. టెక్కలిలో నేను ఇంగ్లీషు చెప్పే జూనియర్ కాలేజీ వరండాలో, సుద్ద అంటిన చేత్తోనే ఫోనెత్తాను. అవతల అత్త. "పిల్లా, మీ మావ తెల్లారగట్ల ఎల్లిపోనాడు. కంగారుపడి నిలబడి రాకు. సీటున్న బస్సు సూసుకోని రా" అంది. భర్త పోయి ఒక పూటైనా కాలేదు, ఆవిడ నా మోకాళ్ళ నొప్పుల గురించి ఆలోచిస్తోంది. నేను మాత్రం వచ్చిన మొదటి బస్సే ఎక్కి, కడ్డీ పట్టుకుని పలాస దాకా నిలబడే వెళ్ళాను.

మావ అన్నానని మేనమామ అనుకోకండి. చుట్టరికం ఏమీ లేదు. ఉద్దానంలో మా ఊళ్ళో మా ఇంటి గోడా వాళ్ళింటి గోడా ఒకటే. ఆయన రోజూ పొద్దున్న బస్సులో కాశీబుగ్గ వెళ్ళి తన టైలరింగు షాపు తెరిచేవాడు, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఆడవాళ్ళ జాకెట్లు కుట్టేవాడు. కాశీబుగ్గ వైపు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే "సిక్కు టైలరు" అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి మాత్రం ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. ఎందుకంటే చివరి ఏడాది ఆ ఇంట్లో జరిగిన గొడవంతా ఆ పేరు గురించే. ఆ గొడవలో నేను తప్పు వైపు నిలబడ్డాను.

కుర్రతనంలో మావ ఖరగ్‌పూర్‌లో పని నేర్చుకున్నాడు. అక్కడి మేస్త్రి దగ్గర అట్ట ఊడిపోయిన విదేశీ ఫ్యాషన్ల పుస్తకం ఒకటుండేదట. లోపల ఒక పేజీ నిండా నాలుగే అక్షరాలు. సి, హెచ్, ఐ, సి. దాని అర్థం మేస్త్రికీ తెలీదు, ఈయనకీ తెలీదు. కానీ మావకి ఆ అక్షరాలు నచ్చేశాయి. ఎందుకని నేను అడిగితే చేత్తో గాలిలో గీసి చూపించాడు. "ఇటో సంకకోత, అటో సంకకోత. మద్దిని నిలువు కుట్లు. జాకెట్టు కాదేటది?" అన్నాడు. నిజమే, చంక దగ్గర గుడ్డ కోసే వంపు అచ్చం ఇంగ్లీషు సి లాగే ఉంటుంది. నేనిన్నేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను, ఆ మాటలో జాకెట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

కాశీబుగ్గలో సొంతంగా షాపు పెట్టినప్పుడు ఆ నాలుగక్షరాలే పేరు పెట్టుకున్నాడు. బోర్డు రెండు రేకులు. పైరేకు మీద ఇంగ్లీషు, కిందిరేకు మీద తెలుగు. తెలుగులో "చిక్ టైలర్స్" అని రాయమని పెయింటరుకి చెప్పి, దారాలు తేవడానికి బరంపురం వెళ్ళాడు. అలా పొల్లుతో ఆగిపోయే మాట ఉంటుందంటే పెయింటరు నమ్మలేదు. ఈ మనిషికి రాయడం రాదని జాలిపడి, ఒక ఒత్తూ ఒక కొమ్మూ తగిలించి, "చిక్కు టైలర్స్" అని పూర్తి చేశాడు. మావ తిరిగొచ్చేసరికి రంగు ఆరిపోయి బోర్డు గోడెక్కి ఉంది.

మా వైపు చ అనే అక్షరం నోట్లోంచి స గానే బయటికొస్తుంది కనుక అది వెంటనే సిక్కు టైలరు అయింది. పంజాబు నుంచి ఎవరో సర్దారు దిగాడనుకుని మందస నుంచి ఒక ముసలాయన చూడ్డానికే వచ్చి, "తలపాగా ఏదీ?" అని అడిగాడట. పెళ్ళి జాకెట్టు ఒకరోజు ఆలస్యమైతే చాలు, "సిక్కులోడి దగ్గర సిక్కడిపోయింది" అనేవాళ్ళు. మావ నవ్వేసి ఊరుకునేవాడు. బోర్డు మాత్రం మార్చలేదు. మొండివాడు.

మొండితనం అంటే ఆది జాకెట్టు గురించి కూడా చెప్పాలి. జాకెట్టు కుట్టించుకోడానికి వెళ్ళేటప్పుడు కొలతకని సరిపోయే పాత జాకెట్టు ఒకటి పట్టుకెళ్ళడం అందరికీ అలవాటు. మావ దాన్ని ముట్టుకునేవాడు కాదు. సంచీలోంచి తీయబోతుంటేనే, "అది నిరుటి మనిషిది. ఇప్పటి మనిషిని తెర ఎనక్కి ఎల్లమను" అనేవాడు. తెర వెనక అత్త టేపు పట్టుకుని అంకెలు కేకేసేది, ఇవతల ఆయన రాసుకునేవాడు. నెల కిందటే కుట్టించుకున్నా సరే, మళ్ళీ కొలవాల్సిందే. ఇంకో అలవాటు, లోపలి కుట్టు దగ్గర అందరికంటే ఎక్కువ గుడ్డ వదిలేవాడు. లావుగా ఒరుసుకుంటోందని మా అమ్మ ఒకసారి సణిగితే, "మనిషికి మారడానికి సోటియ్యాల కదమ్మా" అన్నాడు. మా అమ్మ ఆ జాకెట్టుని తర్వాత మూడుసార్లు విప్పి వెడల్పు చేయించుకుంది.

నేను ఇంటర్లో ఉండగా ఒక గొప్ప పని చేశాను. షాపులో నలుగురు ఆడవాళ్ళుండగా, "మావా, దాన్ని చిక్ అనకూడదు, షీక్ అనాలి. అది ఫ్రెంచి మాట" అని ప్రకటించాను. కొత్తగా తెలిసిన సంగతి దాచుకోలేని వయసు. ఆయన మిషను ఆపాడు.

"షీక్ అంటే ఏటి?"

"నాజూకు."

"నాజూకంటే ఏటి?"

నేను గాలిలో చేతులు తిప్పాను. ఆయన వెక్కిరించలేదు. "మనింటికొచ్చి ఇన్నేళ్ళయింది. దాని ఊరేటో, కన్నోళ్ళెవులో అడగనేదు మనం. నువ్వు సదువుకుంతన్నావు. కనుక్కోని సెప్పు" అన్నాడు. నేను సరేనని వెంటనే మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు. పండక్కి కనిపిస్తే, పెళ్ళిలో కనిపిస్తే, "కనుక్కున్నావేటి?" అనే అడిగేవాడు. ఇంగ్లీషులో ఎమ్మే చెయ్యడానికి నాకున్న కారణాల్లో ఈ పోరు కూడా ఒకటి.

విశాఖలో యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళినప్పుడు లావుపాటి నిఘంటువులు తిరగేసి కనుక్కున్నాను. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటని ఫ్రెంచివాళ్ళ దగ్గర తెచ్చుకున్నారు. ఫ్రెంచివాళ్ళకి ఎక్కడిదంటే రెండు వాదాలున్నాయి. ఒకటి, పనితనం, తగినట్టు అమర్చడం అనే అర్థమున్న జర్మను మాట నుంచి వచ్చిందని. రెండోది, కోర్టు వ్యవహారాల్లో మెలికలు పెట్టి, వాయిదాలు లాగి, ఎదుటివాణ్ణి తిప్పలుపెట్టడాన్ని ఫ్రెంచిలో షికాన్ అంటారు, ఆ మాటని కురచ చేస్తే ఇది పుట్టిందని. ఏది నిజమో ఎవరూ తేల్చలేదు. మెలికలు పెట్టేవాడి చాకచక్యం కాస్తా మనిషి సొగసై, ఆనక బట్టల సొగసై కూర్చుందన్నమాట.

సెలవులకొచ్చి చెప్పాను. రెండో వాదం వినగానే మావ కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

"మెలికలంటే? సిక్కులేనా?"

"చిక్కులే మావా."

"అయితే పెయింటరు తప్పు రాయనేదు" అని ఆయన ఎంత నవ్వాడంటే, తెర వెనక కొలత తీస్తున్న అత్త అంకె మర్చిపోయింది. ఆ సాయంత్రం ఆయన బజారంతా తిరిగి పెయింటరుని వెతికి పట్టుకుని టీ తాగించాడు.

తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలమట్టమయ్యాయి, మీకు తెలుసు. ఆ గాలికే బోర్డు ఎగిరిపోయింది. మూడో రోజున ఎవరో ముక్కూముఖం తెలియని ఆయన సైకిలు వెనక కిందిరేకు కట్టుకుని తెచ్చాడు. "జీడితోటలో పడుంది. సిక్కు టైలరుది కాదేటి?" అని ఇచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఇంగ్లీషు రేకు ఏమైందో ఇప్పటికీ తెలీదు. అప్పటినుంచి గోడ మీద తెలుగు ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మావకి కిడ్నీ జబ్బు బయటపడింది. మా ఉద్దానంలో ఇది వింత కబురు కాదు. మనుషులు ఎదురైతే పంటెలా ఉందని అడిగినట్టే క్రియాటినిన్ ఎంతని అడుగుతారు. సూది గుచ్చడానికి వీలుగా ఆయన ఎడమచేతి రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు, వారానికి మూడుసార్లు డయాలసిస్. "నా బోర్డు మీద ముందే రాసీసినారు, సిక్ టైలరని" అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. మాకు నవ్వొచ్చేది కాదు. ఆయన మాత్రం ఆస్పత్రిలో కూడా పని వెతుక్కున్నాడు. సూది గుచ్చడం కోసం పక్క మంచాలవాళ్ళు చొక్కా సగం విప్పి చలికి వణుకుతుంటే చూడలేక, వాళ్ళ చొక్కాల ఎడమచేతులు నిలువునా విప్పి ప్రెస్ బటన్లు కుట్టిచ్చాడు. ఆడవాళ్ళ జాకెట్లకీ అంతే. "సూది గుచ్చించుకోడానికొచ్చినోడు బట్టలిప్పుకోని కూకోవాలేటి?" అనేవాడు. తగినట్టు అమర్చడం అన్న జర్మను అర్థం నాకు నిఘంటువులో కంటే ఆ హాల్లో బాగా అర్థమైంది.

గొడవ మొదలైంది వాళ్ళ అమ్మాయితో. నాకు మరదలు వరస. విశాఖలో డిజైనింగు నేర్చుకుంది, తండ్రికి జబ్బు చేశాక వచ్చి షాపు అందుకుంది. మంచి పనిమంతురాలు. ఒకరోజు ఎవరో మా బోర్డు ఫోటో తీసి, "మీ జాకెట్టు చిక్కుల్లో పడాలంటే రండి" అని రాసి వాట్సాప్‌లో తిప్పారు. అది ఊరూరూ తిరిగి, చివరికి ఆమె ఎంతో కష్టపడి సంపాదించుకున్న పెళ్ళి ఆర్డరు వాళ్ళ ఫోనుకి చేరింది. పెళ్ళికూతురి స్నేహితురాళ్ళు నవ్వారు. పెళ్ళివారు బట్టలు వెనక్కి పట్టుకెళ్ళారు.

మరదలు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "వదినా, ఆ బోర్డు కింద కూకోని నాను బతకనేను. అద్దాలు పెట్టించి, బొటిక్ అని మంచి పేరు పెట్టుకుంతాను. నాన్న ఒప్పుకోడు. నీ మాట వింతాడు, సెప్పు" అంది. ఆమెది న్యాయమే. తండ్రి మంచం మీద ఉన్నాడు, ఇల్లు గడవాల్సింది ఆ షాపు మీదే. నేను వెళ్ళి, చదువుకున్నదాన్ని కనుక మెత్తగా చెప్పాను. కాలం మారింది, బోర్డు తీసేద్దాం మావా, అన్నాను.

"నువ్వేటి తెలిసి సెప్తన్నావు? ఆ మాట పని నువ్వింకా పూర్తి సెయ్యనేదు. మా గుంటకి, అదే నీ మరదలికి, పనికొచ్చే అర్థం దాన్లో ఉందో నేదో సూడు. నేదంటే నానే నిచ్చెనేసుకోని ఇప్పుతాను" అన్నాడు. ఎడమచేత్తో బరువెత్తకూడని మనిషి నిచ్చెన ఎక్కుతానంటున్నాడు. సిగ్గేసింది నాకు. ఆ బోర్డు ఆయనకి ఎంతో తెలిసి కూడా, ఒక్కరోజు పుస్తకం తెరవకుండా తీర్పు చెప్పేశాను.

మళ్ళీ వెతికాను. రెండు సంగతులు దొరికాయి. వాటితో డయాలసిస్ హాలుకి వెళ్ళి ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"మావా, ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళు రంగుపోయిన బీరువాలూ వెలిసిన కర్టెన్లూ కావాలని పెట్టుకుని, దాన్ని కూడా చిక్ అంటున్నారు."

"అలాగైతే మన షాపు ఎప్పుడో సిక్కైపోయింది మరి. రెండోది?"

రెండోదే నా బ్రహ్మాస్త్రం. ఫ్రాన్సులో బొమ్మలు వేసేవాళ్ళ మధ్య ఈ మాటకి ఇంకో వాడకం ఉండేది. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకోకుండా, చేతి అలవాటు మీద బొమ్మ వేసేస్తే చిక్ మీద వేశాడు అనేవారు. కొందరు మెచ్చుకోలుగా అనేవారు, కొందరు వెక్కిరింతగా. "అంటే ఆది లేకుండా అన్నమాట మావా. నీ పనే!" అన్నాను. ఆయన మొహం వెలుగుతుందని ఎదురుచూశాను.

వెలగలేదు. "ఆది జాకెట్టు వొద్దన్నాను గానీ మనిషినొద్దన్నానేటి నాను? మనిషిని సూడకుండా కోసీవోడు టైలరేటి? ఆ అర్థం మనకొద్దు, తీసీ" అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఇన్నేళ్ళూ నువ్వు తెచ్చినవన్నీ ఆది జాకెట్లే పిల్లా. ఎవులో తొడుక్కోని ఇడిసినవి. ఇక్కడ, మన కాశీబుగ్గలో, ఇప్పుడా మాట కొలతెంతో ఎవులూ తియ్యనేదు. నానూ తియ్యనేదు. నా ఒంటికి పట్టింది కదాని గుంటకీ తొడిగీబోయినాను. దానికి బిగుతైతే ఇప్పీమను. నాకేటీ కోపం నేదని సెప్పు."

ముప్పై ఏళ్ళకి పైగా పట్టిన పట్టు ఆ మంచం మీద వదిలేశాడు. నేను బయటికొచ్చి మరదలికి ఫోన్ చేసి మాట మార్చకుండా చెప్పాను. ఆమె విని ఫోన్ పెట్టేసింది. అప్పటికి మూడు వారాలకి అత్త దగ్గర్నుంచి ఆ ఫోన్ వచ్చింది.

పెద్ద కర్మ అయ్యాక మరదలు కబురు చేసింది. "షాపుకి రా వదినా. నీ జాకెట్టుంది." నేను మా అమ్మ చేత జాకెట్టు గుడ్డ పంపింది ఏడాది పైమాటే. ఆ సంగతే మర్చిపోయాను.

కాశీబుగ్గలో షాపు ముందు దిగి తలెత్తాను. బోర్డు లేదు. గోడ మీద నాలుగు మేకులు, వాటి మధ్య ఎండ తగలని రేకంత చోటు. ఆమె ఇష్టం ఆమెదని నాకు నేనే చెప్పుకుని, ఏమీ అడక్కుండా లోపలికెళ్ళాను. అత్త కాజాలు కుడుతోంది. నన్ను చూసి తలూపి, మళ్ళీ సూదిలోకి వంగింది.

మరదలు జాకెట్టు తెచ్చింది. "నాన్న నిరుడే కోసి, సుట్టకట్టి, మీద సుద్దతో నీ పేరు రాసి ఎట్టీసినాడు. నాను కుట్టినాను. తొడుక్కో." తెర వెనక తొడుక్కున్నాను. చేతులు బాగున్నాయి, మెడ బాగుంది. ఛాతీ దగ్గర హుక్కులు అందలేదు. ఈ ఏడాదిలో నేను ఒళ్ళు చేశాను, ఆయన మనసులో ఉన్నది నిరుటి నేను.

మరదలు నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకేసారి. "కొలత తియ్యకుండా ఆయన కోసిన జాకెట్టు ఇదొక్కటే వదినా. నువ్వొచ్చీదాకా ఉంతానో నేదో అనుకున్నాడేమో. ఇప్పు, ఇలాగియ్యి" అని తీసుకుని, పక్క కుట్టు పుటపుటా విప్పింది. లోపల గుడ్డ చూపించింది. ఎప్పుడూ వదిలేదానికి రెండింతలుంది. మనిషిని చూడకుండా కోశాడు కదా, తన జ్ఞాపకాన్ని తనే నమ్మలేదు. నేను మారి ఉంటానని ఆయనకి తెలుసు, ఎంతో తెలీదు, అందుకని చోటు వదిలిపెట్టాడు. ఆ గుడ్డ చేత్తో పట్టుకుని నేను అప్పుడు ఏడ్చాను. అత్త దగ్గర కూడా, శ్మశానం దగ్గర కూడా రాని ఏడుపు అది.

"టేపు తియ్యమ్మా" అంది మరదలు. అత్త లేచి నన్ను మళ్ళీ కొలిచింది, అంకెలు కేకేసింది, మరదలు రాసుకుంది. గంటలో జాకెట్టు నాకు పట్టింది.

వెళ్ళబోతూ ఇక ఉండబట్టలేక అడిగాను. "బోర్డు ఏం చేశావే?"

"ఎనకుంది, రా."

వెనక వరండాలో నాలుగు ఇటుకల మీద కిందిరేకు పడుకోబెట్టి ఉంది. పక్కన విప్పని రంగు డబ్బా, కొత్త కుంచె. "నవ్వీవోళ్ళు నవ్వనీ. అద్దాలెడతాను, పెళ్ళిబట్టలు కుడతాను, పేరు మాత్రం ఇదే. నన్ను నవ్వినోళ్ళ సేతే అడ్రసడిగించుకుంతాను సూడు" అంది మరదలు. "అచ్చరాలే సిన్నవైపోనాయి. రోడ్డవతల్నుంచి కనిపించాల."

వంగి చూశాను. వెలిసిపోయిన పాత అక్షరాల చుట్టూ, అరంగుళం ఎడంగా, జాకెట్టు మీద గీసినట్టు సుద్దతో గీత గీసింది. చ చుట్టూ గీసింది, క చుట్టూ గీసింది, ఒత్తు చుట్టూ గీసింది. ఆనాడు పెయింటరు పొరపాటున తగిలించిన కొమ్ము దగ్గర మాత్రం ఇంకో అరంగుళం ఎక్కువ వదిలింది.